తూకం కదల్లేదు, బెల్టు కదిలింది

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తున్నాను. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. జూలైలో పరీక్షలు చేయిస్తే పరగడుపు షుగర్ 112, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 218, మంచి కొలెస్ట్రాల్ 36 వచ్చాయి. స్కానింగ్‌లో గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ అన్నారు. హెచ్‌ఎస్-సీఆర్పీ అనే పరీక్షలో 4.2 వచ్చింది. లోపల ఇన్‌ఫ్లమేషన్ ఉందని, వ్యాయామం చేయమని, తగ్గకపోతే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెడదామని డాక్టరుగారు చెప్పారు. నాకు జ్వరం లేదు, ఎక్కడా వాపు లేదు. అప్పటి నుంచి వారానికి ఐదు రోజులు పొద్దున్నే కాలువగట్టు మీద అరగంట నడుస్తున్నాను. మూడు నెలలకి బరువు 76 నుంచి 75కి వచ్చింది, అంతే. బెల్టు మాత్రం ఒక కన్నం లోపలికి వచ్చింది. మోకాళ్ళు కాస్త పట్టేస్తున్నాయి. "ఆ కిలో రెండ్రోజులు అన్నం మానేసినా పోయేది కదా బావా" అని మా బావమరిది వేళాకోళం చేస్తున్నాడు. రోజంతా చెరువుల మీదే తిరిగేవాడికి మళ్ళీ ఈ నడక అవసరమా? ఇది మానేసి మాత్ర వేసుకుంటే పోదా? మా ఆవిడ కూడా ఇంటి పనే వ్యాయామం అంటుంది, నిజమేనా? మా నాన్నగారు 58 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. అందుకే భయం. — ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయాన్ని మీరే చెప్పి, మీరే పట్టించుకోకుండా దాటేశారు. బెల్టు ఒక కన్నం లోపలికి వచ్చిందన్నారు కదా, ఈ మూడు నెలల ఫలితం అందులో ఉంది. మీ బావమరిదిగారు చూస్తున్నది తూకం. మీ జబ్బు ఉన్నది నడుము దగ్గర, పొట్ట లోపల. రెండ్రోజులు అన్నం మానేస్తే పోయేది చాలావరకు నీరు. అన్నం తినగానే తిరిగి వచ్చేస్తుంది. మీకు తగ్గింది అది కాదు.

బరువు పెద్దగా తగ్గకపోయినా షుగర్ రాకుండా ఆపవచ్చా అంటే, ఆపవచ్చని మన పక్క రాష్ట్రంలోనే తేలింది. చెన్నైలో డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకుని నాలుగు వర్గాలు చేసింది. ఒక వర్గానికి మామూలు సలహా ఇచ్చి వదిలేశారు. ఒక వర్గానికి రోజూ అరగంట చురుకైన నడక, తిండిలో మార్పు. ఒక వర్గానికి మెట్‌ఫార్మిన్ మాత్ర. నాలుగో వర్గానికి రెండూ. ఫలితాలు 2006లో వచ్చాయి. మూడేళ్ళలో మొదటి వర్గంలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. నడక, తిండి వర్గంలో 39.3 శాతం, మాత్ర వర్గంలో 40.5 శాతం, రెండూ కలిపి చేసినవాళ్ళలో 39.5 శాతం. నడిచినవాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయినా మాత్ర చేసినంత పని నడక, తిండి మార్పు కలిసి చేశాయి. మాత్ర ఎందుకూ పనికిరాదని దీని అర్థం కాదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. అమెరికాలో 2002లో వచ్చిన ఇలాంటి అధ్యయనంలో బరువు కూడా బాగా తగ్గించారు. అక్కడ షుగర్ ముప్పు 58 శాతం తగ్గింది. కాబట్టి బరువు తగ్గితే ఇంకా మంచిదే. తగ్గకపోతే నడక దండగ అనుకోవడమే తప్పు.

తూకం కదలకుండా లోపల ఏం మారుతుందో చెప్తాను. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా వెళ్ళాల్సింది కండరాల్లోకి. తొడలు, పిక్కలు, పిరుదులు, వీపు, ఇవే ఒంట్లో పెద్ద కండరాలు. మీ వైపు చేలకి కాలువ నీరు తూము తీస్తేనే పారుతుంది కదా, కండరానికి అలాంటి తూములు రెండున్నాయి. ఒకటి ఇన్సులిన్ తీసేది. పొట్టలోనూ కాలేయంలోనూ కొవ్వు పేరుకున్నవాళ్ళలో ఇది బిగుసుకుపోతుంది. ఇన్సులిన్ ఎంత వచ్చినా సగమే తెరుచుకుంటుంది. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. రెండోది కండరం పనిచేసినప్పుడు దానంతటదే తీసుకునేది. దానికి ఇన్సులిన్‌తో పని లేదు. షుగర్ వచ్చి ఏళ్ళయినవాళ్ళలో కూడా ఈ రెండోది చక్కగా పనిచేస్తుంది. నడిచినంతసేపూ మీ తొడలు రక్తంలోని చక్కెరని నేరుగా లాక్కుంటాయి. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు మొదటి తూము మునుపటికన్నా తేలిగ్గా తెరుచుకుంటుంది.

ఆ ఒకటి రెండు రోజులన్న లెక్క గుర్తుపెట్టుకోండి. వ్యాయామం గుణం బ్యాంకులో డిపాజిట్‌లా ఉండిపోదు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచి, మిగతా వారమంతా కూర్చుంటే గురువారానికి మీ కండరం పాత దారిలోనే ఉంటుంది. వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వొద్దని షుగర్ డాక్టర్లు చెప్పేది అందుకే. ఇక నెలల తరబడి చేస్తే కండరంలోనే మార్పు వస్తుంది. చక్కెరని లోపలికి తీసుకెళ్ళే ప్రొటీన్ (దాని పేరు గ్లట్-4) పెరుగుతుంది, సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వుని కాల్చే మైటోకాండ్రియా పెరుగుతుంది. రక్తంలోని ట్రైగ్లిజరైడ్లని విరగ్గొట్టి వాడుకునే ఎంజైమ్ కూడా పనిచేసే కండరంలో చురుకవుతుంది. మీ 218 దిగడానికి అదే దారి. కాలేయంలో కొవ్వు కూడా అంతే, బరువు మారకపోయినా క్రమం తప్పని వ్యాయామంతో కొంత కరుగుతుంది.

ఇప్పుడు ఆ 4.2 సంగతి. సీఆర్పీ అనేది కాలేయం తయారుచేసే ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (రక్షణ కణాలు రేగడం వల్ల వచ్చే మంట, వాపు) ఉన్నా పెరుగుతుంది. హెచ్‌ఎస్ పరీక్షలో 1 లోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ, 1 నుంచి 3 దాకా మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని లెక్క వేస్తారు. 10 దాటితే మాత్రం అప్పటికి ఏదో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని ముందు చూస్తారు. జ్వరమూ వాపూ లేకుండా 4.2 ఎక్కడి నుంచి వచ్చిందని మీ అనుమానం. మీ ఎత్తుకి 76 కిలోలంటే బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క) 27. మనవాళ్ళకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. ఫ్యాటీ లివర్ కూడా ఉంది కాబట్టి చాలావరకు పొట్ట లోపలి కొవ్వు నుంచే వచ్చి ఉంటుంది. చర్మం కింద వేలితో పట్టుకుంటే దొరికే కొవ్వు కాదిది. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ ఉండేది. ఆ కొవ్వు కణాలు ఉబ్బి, ఊపిరాడని స్థితికి వచ్చినప్పుడు రక్షణ కణాలు అక్కడికి చేరతాయి. అవి విడిచే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా లాంటి రసాయనాలు ఇన్సులిన్ చెప్పిన మాట కణానికి చేరకుండా అడ్డుపడతాయి. రక్తంలో కలిసి కాలేయానికి వెళ్ళి సీఆర్పీని పెంచుతాయి, రక్తనాళాల లోపలి గోడని గీకుతాయి. జ్వరం రానంత తక్కువ స్థాయిలో ఏళ్ళ తరబడి నడిచే వ్యవహారం ఇది. మీ షుగరూ, ట్రైగ్లిజరైడ్లూ, కాలేయమూ, ఈ సీఆర్పీ నాలుగు వేరు వేరు జబ్బులు కావు.

వ్యాయామం ఇక్కడ రెండు వైపుల నుంచి పనిచేస్తుంది. మొదటిది తెలిసిందే, లోపలి కొవ్వు తగ్గిస్తుంది. ఒంటికి పని పడితే ముందు కదిలే కొవ్వుల్లో అదొకటి. అందుకే మీ తూకం కన్నా ముందు బెల్టు కదిలింది. రెండోది వినడానికి తిరకాసుగా ఉంటుంది. ఐఎల్-6 అనే రసాయనాన్ని మొన్నటి దాకా ఇన్‌ఫ్లమేషన్ పెంచే దుర్మార్గుల జాబితాలోనే రాసేవారు. కోపెన్‌హాగన్‌లో బెంటే పెడర్సన్ అనే పరిశోధకురాలి బృందం, పనిచేస్తున్న కండరమే దాన్ని రక్తంలోకి వదులుతుందని చూపించింది. కొవ్వు నుంచి రాత్రింబవళ్ళు కొద్దికొద్దిగా కారే ఐఎల్-6 వేరు, కండరం నుంచి గంటసేపు ఉప్పెనలా వచ్చి తగ్గిపోయే ఐఎల్-6 వేరు. కండరం నుంచి వచ్చినది తన వెనకే ఐఎల్-10 లాంటి శాంతింపజేసే రసాయనాలని తీసుకొస్తుంది, టీఎన్‌ఎఫ్-ఆల్ఫాని అణుస్తుంది. 2019లో అక్కడే ఇంకో ప్రయోగం వచ్చింది. పొట్ట ఉన్నవాళ్ళ చేత 12 వారాలు సైకిల్ తొక్కించారు. కొందరికి టోసిలిజుమాబ్ ఇచ్చారు. కీళ్ళవాతానికి వాడే ఆ మందు ఐఎల్-6 పనిని ఆపేస్తుంది. మందు లేకుండా తొక్కినవాళ్ళకి లోపలి కొవ్వు తగ్గింది. మందు తీసుకుని తొక్కినవాళ్ళకి తగ్గలేదు. కండరం ఒట్టి కేలరీలు కాల్చే యంత్రం కాదని, పొట్టలోని కొవ్వుకి కబురు పంపే గ్రంథి లాంటిదని దాంతో గట్టిగా తేలింది.

అలాగని ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. వ్యాయామం ఒక్కదానితో సీఆర్పీ తగ్గేది కొంతే, నడుము కూడా తగ్గితే బాగా తగ్గుతుంది. పైగా ఒక్క పరీక్షని నమ్మడం నాకు ఇష్టం ఉండదు. రెండు వారాల తేడాతో, జలుబు, జ్వరం లేని రోజుల్లో రెండుసార్లు చేయించి చూడాలి. ముందురోజు ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసినా అది పెరుగుతుంది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందా? చుట్ట, సిగరెట్, ఖైనీ ఏదైనా ఉందా? చెరువు నీళ్ళలో నాని కాలివేళ్ళ మధ్య పుండ్లు పడ్డాయా? గజ్జల్లో బిళ్ళలు కట్టి చలిజ్వరం వచ్చిపోతుందా? ఫైలేరియాకి (బోదకాలు జబ్బుకి) మన గోదావరి జిల్లాలు పాత కాపురం, అందుకని అడుగుతున్నాను. వీటిలో ఏది ఉన్నా ముందు దానికి వైద్యం చేయించండి. నడిస్తే పోయేవి కావు అవి.

"రోజంతా చెరువుల మీదే తిరుగుతాను" అన్నారు. తిరుగుతున్నది మీరా, మీ బండా? గట్టు మీద బండి వేసుకుని వెళ్ళడం, మేత చల్లేవాళ్ళ దగ్గర నిలబడడం, మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడడం, నీళ్ళు చూసుకోవడం, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతో రేటు ఎంతో ఫోన్లో మాట్లాడడం. ఎండకి చెమట పడుతుంది, టెన్షన్‌కి ఇంకాస్త పడుతుంది. కండరానికి మాత్రం పెద్దగా పని పడదు. మీ నాన్నగారి తరం నాట్లేసింది, కోసింది, కట్టలు మోసింది, కుప్పనూర్చింది. ఇప్పుడు కోతకి యంత్రం వస్తుంది, ధాన్యం ట్రాక్టరెక్కుతుంది. కంచంలో అన్నం కొలత మాత్రం ఆ తరానిదే. మీ ఆవిడగారి ఇంటి పనికీ ఇదే లెక్క. వాకిలి ఊడ్చి నీళ్ళు మోస్తే కొంత లెక్కలోకి వస్తుంది, స్టవ్ ముందు నిలబడితే రాదు. ఆడవాళ్ళ నడుముకి హద్దు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90. ఆవిడ నడుమూ ఒకసారి కొలవండి. ఆవిడకీ ఓ అరగంట దొరకాలంటే ఆ అరగంట పొయ్యి దగ్గర పని ఇంకెవరో చూసుకోవాలి. ఆ ఇంకెవరో మీరే కావచ్చు.

ఇప్పుడు చేస్తున్న వారానికి 150 నిమిషాలు మంచి పునాది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస కొలత అదే, 300 దాకా వెళ్ళవచ్చు. మీ నడకలో వేగం ఎంతో చూసుకోండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నలుగురు కలిసి రాజకీయాలు మాట్లాడుకుంటూ నడిస్తే ఆ వేగం రాదు. నడక అయ్యాక నేరుగా హోటల్‌కి వెళ్ళి దిబ్బరొట్టె పానకంలో ముంచుకు తినే జట్లని పాలకొల్లు, నరసాపురం వైపు చాలానే చూస్తుంటాం. ఆ జట్టు మీది కాదనుకుంటాను.

పొద్దుటి నడకకి తోడు రాత్రి భోజనం అయిన వెంటనే పది పదిహేను నిమిషాలు నడవండి, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చినా చాలు. అన్నం తాలూకు చక్కెర రక్తంలోకి వస్తున్న సమయం అది. అప్పుడే కండరం పనిలో ఉంటే ఆ చక్కెర శిఖరం తగ్గుతుంది. మీ అంకెలకి నేను చెప్పే అన్నిటిలో తేలికగా కుదిరేది ఇదే. గట్టు మీద చీకట్లో అయితే టార్చి, బూట్లు లేకుండా వద్దు. కట్లపాములూ రక్తపింజరలూ తిరిగే వేళ అది. లారీలు తిరిగే కాలువగట్టు రోడ్డు కన్నా పుంతదారి, బడి మైదానం నయం. ముసురు పట్టిన రోజుల్లో వరండాలోనే అటూ ఇటూ తిరగండి. ఎండాకాలం మీ తడిగాలికి చెమట ఆరదు కాబట్టి ఆరున్నరలోపే ముగించండి.

మీ ఉత్తరంలో లేనిది బరువు పని. నడక కాళ్ళని కదిలిస్తుంది కానీ కండరాన్ని పెద్దగా పెంచదు. నలభై దాటాక కండరం ఏటేటా కొంచెం కరిగిపోతుంది, అంటే చక్కెర వెళ్ళాల్సిన చోటే తగ్గిపోతుంది. వారంలో రెండు రోజులు చాలు. కుర్చీలో కూర్చుని చేతులు ఆన్చకుండా లేవడం, పదేసి చొప్పున మూడు విడతలు. గోడకి చేతులు ఆనించి తోయడం, అది తేలికైతే అరుగు మీద ఆనించి. రెండు బకెట్లలో నీళ్ళు సగం పోసి చెరో చేత పట్టుకుని వాకిలంతా తిరగడం. మేత బస్తా పాతిక కిలోలు ఉంటుంది, మొదట్లోనే దాని జోలికి వెళ్ళొద్దు. మోకాళ్ళు పట్టేయడానికి కూడా మందు ఇందులోనే ఉంది. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కుర్చీలోంచి లేవడం కష్టంగా ఉంటే కింద దిండు వేసుకుని ఎత్తు పెంచండి. కీలు వాచినా, వేడిగా ఉన్నా నడక ఆపి చూపించుకోండి.

నాన్నగారి సంగతి చెప్పారు కాబట్టి ఒక జాగ్రత్త. ఇప్పుడు నడిచే వేగం ఒంటికి సరిపడుతూ ఉంటే అది కొనసాగించండి. వేగం పెంచే ముందు, బరువులు మొదలుపెట్టే ముందు బీపీ, ఈసీజీ చూపించుకుని డాక్టరుగారితో మాట్లాడండి. నడుస్తున్నప్పుడు గుండెల మీద బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకోకండి. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

నిద్ర గురించి మీరు రాయలేదు, చెరువులున్నాయి కాబట్టి నేనే ఊహిస్తున్నాను. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయని, ఆక్సిజన్ పడిపోతుందని రాత్రి రెండింటికీ మూడింటికీ లేస్తుంటారు. నిద్ర నాలుగైదు గంటలకి పడిపోతే ఇన్సులిన్ పనితనం కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. మీ నడక కూడబెట్టినదాన్ని అది తినేస్తుంది. పంట చివరి నెలలో తప్పదేమో కానీ, మిగతా రోజుల్లో పక్క చెరువువాళ్ళతో వంతులు వేసుకోండి. తిండి సంగతి ఈ జవాబులో పట్టదు. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట కూర, పప్పు, చేప పెట్టుకోండి, సాయంత్రం బజ్జీల బండి దగ్గర బండి ఆపకండి, ఇప్పటికి ఇవి చాలు.

ఇక మాత్ర. మెట్‌ఫార్మిన్ మంచి మందు, చాలా ఏళ్ళుగా వాడుతున్నది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 6.1కి అది కావాలా వద్దా అన్నది మీ డాక్టరుగారు మళ్ళీ పరీక్ష చూసి తేలుస్తారు. కావాలంటే వేసుకోండి, మొండికేయకండి. నడకకి బదులుగా మాత్రం వేసుకోకండి. కాలేయం చక్కెరని అదనంగా వదలకుండా అది ఆపుతుంది. మీ తొడలో కండరం పెంచదు, మంచి కొలెస్ట్రాల్ 36ని పెద్దగా కదిలించదు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గించదు.

పరీక్షలు జూలైలో చేశారు, ఇప్పటికి మూడు నెలలు దాటింది కాబట్టి ఈ నెలలోనే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి. 6.1 కాస్తా 5.8కి వచ్చినా, ట్రైగ్లిజరైడ్లు 150 వైపు దిగినా నడక పనిచేస్తున్నట్టే. నడుముని టైలరు టేపుతో బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, నెలకోసారి ఒకే వేళలో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే బావమరిదిగారికి చూపించండి. ఆ తర్వాతి పరీక్ష జనవరిలో పడుతుంది. సంక్రాంతి వారంలో మాత్రం వద్దు. పండగ తిండికీ పందేల దగ్గర మందుకీ ట్రైగ్లిజరైడ్లు రెండు మూడు రోజుల్లోనే ఎగిరిపోతాయి. కనుమ వెళ్ళాక రెండు వారాలు ఆగి, రాత్రి నుంచి పరగడుపున ఉండి చేయించండి.